ల్యాబ్‌కు ఏ బోర్డు? పని చేయనప్పుడు నోరు విప్పే బోర్డు

ఎంబెడెడ్ ల్యాబ్, అంటే మైక్రోకంట్రోలర్ చిప్పులతో పరికరాలు నడిపించడం నేర్పే ల్యాబ్, మొదలయ్యే వారంలో ఏటా అదే ప్రశ్న: "సార్, ఏ బోర్డు కొనమంటారు?" నేను జవాబు చెప్పేలోపే వాళ్లలో వాళ్లకే వాదన మొదలవుతుంది. దీనికి 240 మెగాహెర్ట్జ్, దానికి 16 మాత్రమే. దీనికి వైఫై ఉంది, దానికి లేదు. సెల్‌ఫోన్ కొనేటప్పుడు వేసే లెక్కే ఇక్కడా వేస్తారు. కోర్సులో చేయబోయేదేమో స్విచ్ చదవడం, టైమర్‌తో పల్స్ కొలవడం, ఎల్‌సీడీ మీద నాలుగు అక్షరాలు చూపించడం, సెన్సర్‌తో ఐటూసీలో (రెండు తీగల మీద చిప్పులు మాట్లాడుకునే పద్ధతి) మాట్లాడటం. వీటిలో ఏ ఒక్కదానికీ 16 మెగాహెర్ట్జ్ చాలకపోవడమంటూ ఉండదు.

నేను చూసేది వేరే సంగతి. మూడు గంటల ల్యాబ్‌లో కోడు రాయడానికి గంట పడుతుంది. మిగతా రెండు గంటలూ "ఎందుకు పని చేయట్లేదు" అనే వేటలోనే పోతాయి. వైరు ఊడిందా, పిన్ను తప్పా, క్లాకు తప్పా, కోడే తప్పా? ఆ రెండు గంటల్లో బోర్డు మీతో ఎంత మాట్లాడుతుందన్నదే నాకు ముఖ్యం. కొన్ని బోర్డులు అడిగినదానికల్లా సమాధానం చెప్తాయి. కొన్ని గోడలా నిలబడతాయి. ఈ పోలిక మొత్తం ఆ కొలత మీదే నడుస్తుంది. మీ కొలత వేరైతే, ఉదాహరణకు ఈ సెమిస్టర్‌లో ఎలాగోలా ప్రాజెక్టు చూపించి బయటపడటమే లక్ష్యమైతే, నా సలహా మీకు కాస్త ఛాదస్తంగా అనిపించొచ్చు.

బోర్డు కంటే ముందు పొర

బోర్డు పేరు అడిగే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీకూ చిప్పుకూ మధ్య ఎంత మందం పొర కావాలి? ఒకే చిప్పు మీద ఆర్డుయినో లైబ్రరీతో రాయొచ్చు, తయారీదారు ఇచ్చే హెచ్‌ఏఎల్ ఫంక్షన్లతో రాయొచ్చు, డేటాషీట్ పక్కన పెట్టుకుని నేరుగా రిజిస్టర్లలో (చిప్పు భాగాలను నడిపే చిన్న మెమరీ గదులు) బిట్లు పెట్టొచ్చు, కొన్నిటి మీద మైక్రోపైథాన్‌తోనూ రాయొచ్చు. చాలామంది "ఆర్డుయినో సులభం, ఎస్‌టీఎం కష్టం" అనేటప్పుడు పోల్చేది బోర్డులను కాదు, ఈ పొరలను. ఆర్డుయినో ఊనో మీదున్న ఏటీమెగా 328పీ చిప్పును రిజిస్టర్ల స్థాయిలో వాడితే అదీ డేటాషీట్ చదివిస్తుంది. ఎస్‌టీఎం32ను ఆర్డుయినో వాతావరణంలో వాడితే అదీ రెండు నిమిషాల్లో ఎల్‌ఈడీ మిణుకుమనిపిస్తుంది.

పొర మందమైతే వచ్చే చిక్కేమిటో ఒక్క ఉదాహరణ చాలు. ఊనో మీద 9వ పిన్నుకు మోటారు డ్రైవర్ కలిపి పీడబ్ల్యూఎంతో, అంటే పిన్నును వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ, వేగం మారుస్తున్నారు. బాగానే తిరుగుతోంది. తర్వాతి వారం అదే ప్రోగ్రాంలో సర్వో (చెప్పిన కోణానికి తిరిగే మోటారు) లైబ్రరీ చేర్చారు, సర్వోను ఇంకో పిన్నుకు కలిపారు. మోటారు వేగం మారడం మానేసింది. వైర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి, కంపైలర్ కిమ్మనలేదు. జరిగిందేమిటంటే, ఊనోలో 9, 10 పిన్నుల పీడబ్ల్యూఎం టైమర్ 1 నుంచి వస్తుంది. సర్వో లైబ్రరీ ఆ టైమర్‌ను తన పనికి లాగేసుకుంది. టైమర్ అనే మాటే వినకుండా ఆరు వారాలు గడిపిన విద్యార్థికి ఇది చేతబడిలా కనిపిస్తుంది. టైమర్ రిజిస్టర్లను ఒక్కసారైనా చేత్తో నింపినవాడికి ఐదు నిమిషాల్లో అనుమానం అక్కడికే పోతుంది.

అలాగని లైబ్రరీలు వాడొద్దని నేననను. గ్రాఫిక్ డిస్‌ప్లే, ఎస్‌డీ కార్డు ఫైల్ సిస్టం, యూఎస్‌బీ లాంటివి మొదటి బిట్టు నుంచి సొంతంగా రాయాలని కూర్చుంటే సెమిస్టర్ అక్కడే అయిపోతుంది. నా పద్ధతి ఇది: జీపీఐఓ (మామూలు ఇన్‌పుట్, ఔట్‌పుట్ పిన్నులు), టైమర్, ఇంటరప్ట్ (నడుస్తున్న పనిని ఆపి ముందు తనను చూడమనే సంకేతం), ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చేది), సీరియల్ పోర్టు, ఈ ఐదింటినీ ఒక్కొక్కసారి రిజిస్టర్లతో రాయాలి. తర్వాత ఏ లైబ్రరీ వాడుకున్నా అభ్యంతరం లేదు. కాబట్టి మంచి బోర్డంటే ఈ ఐదింటి రిజిస్టర్లూ ఒక విద్యార్థి బుర్రలో పట్టేది, తప్పు చేసినప్పుడు లోపలికి తొంగిచూడనిచ్చేది.

8051: సిలబస్ వదలనప్పుడు

ఇంటెల్ 1980లో తెచ్చిన చిప్పు ఇది. 4 కిలోబైట్ల ప్రోగ్రాం మెమరీ, 128 బైట్ల ర్యామ్, 32 ఇన్‌పుట్, ఔట్‌పుట్ పిన్నులు, రెండు 16 బిట్ టైమర్లు. కాలం చెల్లిందని ఎగతాళి చేయడం తేలిక. కానీ మొత్తం చిప్పును ఒకే కాగితం మీద గీయగలగడం చిన్న సంగతేమీ కాదు. అసెంబ్లీ నేర్పాలంటే ఇప్పటికీ దీనికి చోటుంది.

దీని అసలు లోపం వయసు కాదు, మౌనం. మామూలుగా దొరికే ఏటీ89ఎస్52లో బ్రేక్‌పాయింట్ పెట్టి, అంటే ప్రోగ్రాంను కోరిన గీత దగ్గర ఆపి, లోపలికి చూసే దారి లేదు. చిప్పులో ప్రోగ్రాం వేస్తారు, సరఫరా ఇస్తారు, ఏమీ జరగదు. అంతే. బ్రెడ్‌బోర్డు మీద నేను మొదటిసారి దీన్ని పెట్టినప్పుడు రెండు సాయంత్రాలు పోయాయి. క్రిస్టల్ మార్చాను, కెపాసిటర్లు మార్చాను, చిప్పే మార్చాను. చివరికి తేలిందేమిటంటే 31వ పిన్నును గాలికి వదిలేశాను. ఈఏ అనే ఆ పిన్నును ఐదు వోల్టులకు కలపకపోతే చిప్పు తన లోపలి మెమరీని వదిలేసి, బయట లేని మెమరీ నుంచి ప్రోగ్రాం చదవాలని చూస్తుంది.

పోర్టుల విషయంలోనూ దీనికి సొంత గుణాలున్నాయి. పోర్ట్ 0కు లోపల పుల్‌అప్‌లు (పిన్నును సరఫరా వైపు లాగి ఉంచే రెసిస్టర్లు) లేవు, బయట పెట్టాలి. మిగతా పోర్టులు కరెంటు ఇవ్వడంలో పిసినారివి, లాక్కోవడంలో ఫరవాలేదు. అందుకే ఎల్‌ఈడీని పిన్ను నుంచి భూమికి కాకుండా, సరఫరా నుంచి రెసిస్టర్ గుండా పిన్నుకు కలుపుతాం. పిన్నులో 0 రాస్తే వెలుగుతుంది. ఈ తిరకాసును అర్థం చేసుకున్న విద్యార్థికి "పిన్ను ఎంత కరెంటు ఇవ్వగలదు" అన్న ప్రశ్న జీవితాంతం గుర్తుంటుంది. ఆ మేరకు 8051కు నేను మార్కులు వేస్తాను.

సిలబస్‌లో ఇదే ఉంటే పోట్లాడకండి. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి: అసలు చిప్పు మీద చేయండి. ప్రోటియస్ అనే సిమ్యులేటర్‌లో 8051కు క్రిస్టల్ గీయకపోయినా పరుగెడుతుంది, ఎందుకంటే క్లాకు వేగం ఆ బొమ్మ లక్షణాల్లోంచి వస్తుంది. సరఫరా పిన్నులు కలపాల్సిన పని కూడా ఉండదు. తెర మీద పది ప్రయోగాలూ పూర్తిచేసినవాళ్లు నిజం చిప్పు చేతికిచ్చేసరికి తెల్లమొహం వేయడం నేను చాలాసార్లు చూశాను.

పిక్ 16ఎఫ్877ఏ గురించీ అడుగుతుంటారు. 368 బైట్ల ర్యామ్‌ను బ్యాంకులుగా పంచి పెట్టిన చిప్పు అది. బ్యాంకు మార్చడం మరిచిపోయి తప్పు రిజిస్టర్‌లో రాయడంతోనే అసెంబ్లీ నేర్చుకునేవాళ్ల సమయం సగం పోతుంది. ఇప్పటికే మీ ల్యాబ్‌లో ఉంటే వాడండి, కొత్తగా కొనకండి.

ఏటీమెగా 328పీ: బుర్రలో పట్టే చిప్పు

32 కిలోబైట్ల ఫ్లాష్, 2 కిలోబైట్ల ర్యామ్, 1 కిలోబైట్ ఈఈప్రామ్, ఊనో బోర్డు మీద 16 మెగాహెర్ట్జ్. సీ భాష కొంచెం తడబడుతున్నవాళ్లకు నేను సూచించేది ఇదే, అది కూడా ఆర్డుయినో లైబ్రరీ లేకుండా, ఉత్త సీలో.

ఎందుకంటే ఇందులో దిశ చెప్పడానికి డీడీఆర్‌బీ, విలువ రాయడానికి పోర్ట్‌బీ, చదవడానికి పిన్‌బీ. మూడే రిజిస్టర్లు. ఊనో మీదున్న ఎల్‌ఈడీ పోర్ట్ బీలో 5వ బిట్టు. ఒక గీత దిశకు, ఒక గీత విలువకు, పని అయిపోయింది. పైగా ఒక చిన్న ప్రయోగం చేయొచ్చు. ఆర్డుయినో డిజిటల్‌రైట్‌తో పిన్నును ఆపకుండా పైకీ కిందికీ ఊపండి, ఆసిలోస్కోపులో చూడండి. ఒక్కో మార్పుకు కొన్ని మైక్రోసెకన్లు పడుతుంది. అదే పనిని నేరుగా పోర్టు రిజిస్టర్‌లో బిట్టు పెట్టి చేయండి. కంపైలర్ దాన్ని రెండు క్లాకులు పట్టే ఒకే ఇన్‌స్ట్రక్షన్‌గా మార్చేస్తుంది, అంటే 125 నానోసెకన్లు. పొర ఖరీదు ఎంతో తెర మీద గీత రూపంలో కనబడుతుంది. ఉపన్యాసంలో గంట చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క చూపులో ఎక్కుతుంది.

ఐదు వోల్టుల చిప్పు కావడం ఇంకో సుఖం. పాత ఎల్‌సీడీలు, అల్ట్రాసోనిక్ సెన్సర్, రిలే మాడ్యూళ్లు అన్నీ సూటిగా కలుస్తాయి. పిన్నుకు 20 మిల్లీఆంపియర్ల దాకా హాయిగా ఇస్తుంది, 40 దాని అంతిమ హద్దు. విద్యార్థుల చేతిలో మొండిగా బతికే చిప్పు ఇది.

మరి లోపం? ఇక్కడా డీబగ్గింగే, అంటే తప్పు వెతకడమే. చిప్పులో డీబగ్‌వైర్ అనే ఒంటి తీగ సదుపాయం ఉంది, అది రీసెట్ పిన్ను మీద నడుస్తుంది. ఊనో బోర్డులో మాత్రం అదే పిన్ను మీద ఆటోరీసెట్ కోసం పెట్టిన కెపాసిటర్ దానికి అడ్డం. బోర్డు మీద గీత కోసి, విడిగా డీబగ్గర్ కొంటే తప్ప కుదరదు. ల్యాబ్‌లో ఎవరూ అంత దూరం వెళ్లరు. కాబట్టి మీ చేతిలో మిగిలేది సీరియల్‌లో ముద్రించి చూసుకోవడం. చిన్న ప్రోగ్రాములకు అది సరిపోతుంది. ఇంటరప్టులు మొదలయ్యాక చాలదు, ఎందుకంటే ముద్రించే పనే కాలాన్ని మార్చేసి, మీరు వెతుకుతున్న తప్పును మాయం చేస్తుంది.

కొనేటప్పుడు ఒక మాట చూసుకోండి. ఊనో ఆర్4 పేరుతో 2023లో వచ్చిన బోర్డులో ఉన్నది ఏటీమెగా కాదు, రెనెసాస్ వాళ్ల 48 మెగాహెర్ట్జ్ కార్టెక్స్ ఎం4. బోర్డు ఆకారం అదే, రిజిస్టర్లు పూర్తిగా వేరు. మీ ల్యాబ్ మాన్యువల్ డీడీఆర్‌బీ అంటుంటే మీకు కావాల్సింది ఆర్3.

న్యూక్లియో: అడిగితే చెప్పే బోర్డు

సీ భాషలో పాయింటర్లు, బిట్ ఆపరేషన్లు చెయ్యి తిరిగినవాళ్లకు నా మొదటి ఓటు ఎస్‌టీఎం32 చిప్పు ఉన్న న్యూక్లియో బోర్డు. ఎఫ్401ఆర్‌ఈ అయినా సరే, ఎఫ్446ఆర్‌ఈ అయినా సరే. మొదటిది 84 మెగాహెర్ట్జ్, రెండోది 180. ఆ తేడా కోసం ఒక్క నిమిషం కూడా ఆలోచించకండి. ముఖ్యమైంది బోర్డు పైభాగంలో ఉండే ఎస్‌టీ లింక్ ముక్క. ఒకే యూఎస్‌బీ కేబుల్‌తో ప్రోగ్రాం వేయడం, సీరియల్ పోర్టు, అసలు సిసలు డీబగ్గర్, మూడూ వచ్చేస్తాయి.

డీబగ్గర్ ఉంటే ఏం ఒరుగుతుందో చెప్తాను. బటన్ నొక్కితే ఇంటరప్ట్ రావాలి, అది ఒక ఫ్లాగును 1 చేయాలి, మెయిన్ లూపు ఆ ఫ్లాగు చూసి ఎల్‌ఈడీ మార్చాలి. ఒక అమ్మాయి రాసిన ప్రోగ్రాం ఆప్టిమైజేషన్ (కోడు వేగంగా నడవాలని కంపైలర్ చేసే మార్పులు) లేకుండా చక్కగా నడిచింది, ఆప్టిమైజేషన్ పెట్టగానే ఆగింది. ముద్రించి చూస్తే ఇంటరప్ట్ వస్తోంది. డీబగ్గర్‌లో ఆపి చూశాం. మెమరీలో ఫ్లాగు విలువ 1 అని కళ్లెదుట కనిపిస్తోంది. లూపు మాత్రం ఇంకా 0 అనుకుంటూ తిరుగుతూనే ఉంది. డిసాసెంబ్లీ (కంపైలర్ తయారుచేసిన ఇన్‌స్ట్రక్షన్లు చూపే) కిటికీ తెరిచాం. లూపు లోపల మెమరీని చదివే ఇన్‌స్ట్రక్షనే లేదు. ఒక్కసారి ముందే చదివేసి, ఇక మారదని కంపైలర్ తీర్మానించుకుంది. ఫ్లాగు ముందు వోలటైల్ అన్న మాట చేర్చగానే పోయింది. వోలటైల్ అంటే ఏమిటని వైవాలో అడిగితే ఆ అమ్మాయి నిర్వచనం చెప్పలేదు, ఆ లూపు కథ చెప్పింది. నాకు అదే కావాలి.

న్యూక్లియోకు కష్టాలు లేవని కాదు. మొదటి రోజే ఒకటి ఎదురవుతుంది. ఏటీమెగాలో లాగా దిశ, విలువ రాసేస్తే ఎల్‌ఈడీ వెలగదు. ముందు ఆర్‌సీసీ అనే విభాగంలో ఆ పోర్టుకు క్లాకు ఇవ్వాలి. ఇవ్వకపోతే మీరు రాసిన విలువలు రిజిస్టర్‌లో పడవు, తప్పు సందేశమూ రాదు. ఇక్కడ కూడా డీబగ్గరే ఆదుకుంటుంది: దిశ చెప్పే మోడర్ రిజిస్టర్‌లో రాశాక కిటికీలో చూడండి, విలువ మారకపోతే క్లాకు ఇవ్వలేదన్నమాట.

రెండో కష్టం కాగితాలది. డేటాషీట్ వేరు, వందల పేజీలుండే రిఫరెన్స్ మాన్యువల్ వేరు, బోర్డు మాన్యువల్ వేరు. పిన్ను ఎక్కడుందో మొదటిదాంట్లో, రిజిస్టర్ బిట్లు రెండోదాంట్లో, ఎల్‌ఈడీ ఏ పిన్నుకు కలిసిందో మూడోదాంట్లో ఉంటాయి. ఎల్‌ఈడీ పీఏ5, నీలం బటన్ పీసీ13, మీకు ఆ వెతుకులాట తప్పించాను.

మూడోది, హెచ్‌ఏఎల్ చేసే చిలిపి పనులు. ఎల్‌సీడీ వెనక అంటించే పీసీఎఫ్8574 మాడ్యూల్ చిరునామా చాలావాటికి హెక్స్‌లో 27, అంటే దశాంశంలో 39. ఆర్డుయినోలో ఆ అంకె యథాతథంగా ఇస్తాం. హెచ్‌ఏఎల్ మాత్రం ఒక బిట్టు ఎడమకు జరిపి, 78గా ఇమ్మంటుంది. ఈ సంగతి తెలియక ఎల్‌సీడీ పాడైందని పక్కన పడేసినవాళ్లున్నారు. అలాగే ఇంటరప్ట్ లోపల హెచ్‌ఏఎల్ డిలే పిలిస్తే ప్రోగ్రాం అక్కడే బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. ఆ డిలే లెక్క నడిచేదే మరో ఇంటరప్ట్ మీద, దాని ప్రాధాన్యం తక్కువైతే దానికి వంతే రాదు.

బ్లూ పిల్ అనే చవక బోర్డు మీద కూడా ఎస్‌టీఎం32ఎఫ్103 ఉంటుంది. బోర్డు మంచిదే, కానీ డీబగ్గర్ విడిగా కొనాలి, పైగా అసలు చిప్పుకు బదులు నకలు చిప్పులతో వచ్చేవి చాలానే తిరుగుతున్నాయి. నేర్చుకునే దశలో "తప్పు నాదా, చిప్పుదా" అనే కొత్త అనుమానం నెత్తికెత్తుకోవడం దేనికి?

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ లాంచ్‌ప్యాడ్‌లూ ఇదే కోవలోకి వస్తాయి, వాటి మీదా డీబగ్గర్ ఉంటుంది. ఎంఎస్‌పీ430 తక్కువ కరెంటు పాఠాలకు బాగుంటుంది. దాంట్లో మొదటి గీతలోనే వాచ్‌డాగ్‌ను (ప్రోగ్రాం బిగుసుకుపోతే చిప్పును రీసెట్ చేసే టైమర్) ఆపకపోతే చిప్పు పదేపదే రీసెట్ అవుతుంది, అదొక్కటి గుర్తుంచుకోండి. టీఎం4సీ123 ఉన్న బోర్డుతో టెక్సస్ విశ్వవిద్యాలయం, ఆస్టిన్ నుంచి జొనాథన్ వల్వానో చెప్పిన ఆన్‌లైన్ కోర్సు చాలా దేశాల విద్యార్థులు చేశారు. మీ విభాగంలో ఆ బోర్డు ఉంటే న్యూక్లియో కోసం మారాల్సిన పని లేదు.

పీకో, ఈఎస్‌పీ32: ఆకర్షణ ఎక్కడ, అడ్డం ఎక్కడ

రాస్ప్‌బెర్రీ పై పీకో 2021 జనవరిలో వచ్చింది. రెండు కార్టెక్స్ ఎం0 ప్లస్ కోర్లు, 264 కిలోబైట్ల ర్యామ్. బటన్ నొక్కి పట్టుకుని యూఎస్‌బీకి కలిపితే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది, ఫైలు లాగి పడేస్తే ప్రోగ్రాం ఎక్కేస్తుంది. డాక్యుమెంటేషన్ చదివించే తీరులో ఉంటుంది, ఈ రంగంలో అది అరుదు. డీబగ్గర్ కావాలంటే ఇంకో పీకోనే డీబగ్గర్‌గా మార్చుకోవచ్చు, అంటే ఇద్దరు జతగా పని చేసే ల్యాబ్‌లో రెండు బోర్డులతో పని జరిగిపోతుంది.

దీనిలో నాకు మనసు పారేసుకునే భాగం పీఐఓ. రెండు బ్లాకులు, ఒక్కోదాంట్లో నాలుగు చిన్న స్టేట్ మెషీన్లు, బ్లాకుకు 32 ఇన్‌స్ట్రక్షన్ల చోటు. కోర్‌తో సంబంధం లేకుండా పిన్నులను క్లాకు క్లాకుకూ ఆడిస్తాయి. డబ్ల్యూఎస్2812 రంగుల ఎల్‌ఈడీలకు ఒక్కో బిట్టు 1.25 మైక్రోసెకన్లలో వెళ్లాలి. మామూలు చిప్పులో అది పీడకల, ఇక్కడ నాలుగు గీతలు. అయితే మొదటి కోర్సులో ఇది భోజనానికి ముందే తినే పిండివంట. టైమర్, ఇంటరప్ట్ తెలిశాక రుచి తెలుస్తుంది.

మైక్రోపైథాన్‌తో మొదలుపెట్టొచ్చా అంటారు. సెన్సర్ బతికుందో లేదో చూడటానికి అంతకంటే మంచి పనిముట్టు లేదు. ప్రాంప్టు దగ్గర ఒక గీత టైప్ చేస్తే ఐటూసీ బస్సు మీద ఎవరెవరున్నారో చెప్పేస్తుంది. కోర్సు మాత్రం దాంతో నడవదు. వాడేసిన మెమరీని తిరిగి ఏరుకునే పని (గార్బేజ్ కలెక్షన్) మధ్యలో ఎప్పుడు మొదలవుతుందో తెలియని చోట కాలం లెక్కలు నేర్పడం కుదరదు.

ఈఎస్‌పీ32 సంగతి వేరు. చివరి సంవత్సరం ప్రాజెక్టులో సెన్సర్ విలువలు నెట్‌లోకి పంపాలంటే కళ్లు మూసుకుని ఇదే తీసుకోండి. మొదటి కోర్సుకు మాత్రం నేను వద్దంటాను. మొదటి రోజు నుంచే మీ ప్రోగ్రాం కింద ఫ్రీఆర్‌టాస్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టం నడుస్తుంటుంది. వైఫై నడుస్తున్నప్పుడు రెండో ఏడీసీ పిన్నులు చదవడానికి రావు. 34 నుంచి 39 వరకు పిన్నులు ఇన్‌పుట్‌కే పనికొస్తాయి, వాటికి లోపలి పుల్‌అప్ కూడా లేదు. అన్నిటికన్నా ఏడిపించేది 12వ పిన్ను. బోర్డు మేల్కొనే క్షణంలో ఆ పిన్ను పైకి లాగి ఉంటే చిప్పు ఫ్లాష్ మెమరీకి 3.3 బదులు 1.8 వోల్టులు ఎంచుకుంటుంది, మామూలు బోర్డు ఇక బూట్ కాదు. పుల్‌అప్ ఉన్న సెన్సర్‌ను అక్కడ కలిపినవాడి పరిస్థితి ఊహించండి: ప్రోగ్రాం వేశాడు, నడిచింది, సెన్సర్ కలిపాడు, నడుస్తూనే ఉంది, సరఫరా తీసి పెట్టాడు, చచ్చిపోయింది. ఇది అర్థం చేసుకోవాలంటే ముందు వేరే చిప్పు నేర్చుకుని రావాలి. డీబగ్గర్ కూడా పాత ఈఎస్‌పీ32కు విడిగా కావాలి. సీ3, ఎస్3 రకాల్లో మాత్రం యూఎస్‌బీలోనే ఇచ్చారు.

3.3 వోల్టుల గీత

బోర్డు మారితే కోడు మారుతుందని అందరికీ తెలుసు, వైరింగ్ కూడా మారుతుందని చాలామంది మరిచిపోతారు. హెచ్‌సీ ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్ ఎకో పిన్ను ఐదు వోల్టులు ఇస్తుంది. ఏటీమెగాకు సూటిగా కలపండి. పీకోకు, ఈఎస్‌పీ32కు అలా కలపొద్దు. ఎకో నుంచి పిన్నుకు ఒక కిలో ఓమ్, పిన్ను నుంచి భూమికి రెండు కిలో ఓమ్‌లు పెడితే ఐదులో మూడింట రెండు వంతులు, అంటే 3.33 వోల్టులు పిన్నుకు చేరతాయి. ఎస్‌టీఎం32లో డేటాషీట్ పిన్నుల పట్టికలో ఎఫ్‌టీ అని గుర్తున్నవి డిజిటల్ ఇన్‌పుట్‌గా ఐదు వోల్టులు తట్టుకుంటాయి. ఆ రెండు అక్షరాలు చూడకుండా ఏదీ కలపకండి. రిలేలూ, స్టెప్పర్ మోటార్లూ ఏ బోర్డుకూ సూటిగా కలపకూడదు. మధ్యలో యూఎల్‌ఎన్2003 లాంటి డ్రైవర్ ఉండాల్సిందే.

ఎవరికి ఏది

సీ భాష ఇంకా పట్టుబడలేదా? ఊనో ఆర్3 తీసుకోండి, లైబ్రరీ లేకుండా రాయండి, నాలుగు వారాలయ్యాక న్యూక్లియోకు మారండి. రెండిటికీ మధ్య ఆర్‌సీసీ క్లాకు, 3.3 వోల్టులు తప్ప కొత్తగా భయపడాల్సింది పెద్దగా ఉండదు. సీ బాగా వచ్చా? నేరుగా న్యూక్లియో. ఒక్క బోర్డే కొనగలిగితే, దాంతోనే ప్రాజెక్టు కూడా చేయాల్సి వస్తే, పీకో రాజీ మార్గం, జతగాడి దగ్గర ఇంకొకటుందో లేదో ముందే చూసుకోండి. సిలబస్ 8051 అంటే పరీక్షకు అదే చదవండి, కానీ సాయంత్రాలు వేరే బోర్డు మీద గడపండి. ఈఎస్‌పీ32 రెండో సెమిస్టర్‌కు దాచుకోండి.

బోర్డు ఏదైనా, పక్కన ఒక వస్తువు మాత్రం తప్పదంటాను: ఎనిమిది చానెళ్ల, 24 మెగాహెర్ట్జ్ యూఎస్‌బీ లాజిక్ ఎనలైజర్. పల్స్‌వ్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో పని చేస్తుంది. డీబగ్గర్ చిప్పు లోపల చూపిస్తుంది, ఇది తీగ మీద చూపిస్తుంది. రెండో బోర్డు కొనే ఆలోచన ఉంటే ముందు ఇది కొనండి.

అది చేతికి రాగానే చేయాల్సిన మొదటి పని చెప్తాను. సీరియల్ పోర్టును 9600 బాడ్‌కు (సెకనుకు 9600 బిట్లు) పెట్టి, ఇంగ్లిష్ పెద్ద అక్షరం యూను ఆపకుండా పంపండి. దాని కోడ్ హెక్స్‌లో 55, బిట్లలో 0, 1 మార్చి మార్చి వస్తాయి. స్టార్ట్ బిట్టు, స్టాప్ బిట్టు కూడా అదే వరుసలో కలిసిపోయి, తీగ మీద పళ్ల దువ్వెనలా సమానమైన గీతలు కనిపిస్తాయి. ఒక్కో పన్ను వెడల్పు 104 మైక్రోసెకన్లు ఉండాలి. 208 వస్తే చిప్పు మీరనుకున్న దానిలో సగం వేగంతో నడుస్తోందన్నమాట. 16 మెగాహెర్ట్జ్ అనుకుని రాసిన ప్రోగ్రాంను ఫ్యూజులు (క్లాకు వగైరా ఎంచే సెట్టింగులు) మార్చని కొత్త ఏటీమెగా 328పీ విడి చిప్పులో వేస్తే పన్ను ఏకంగా 16 రెట్లు వెడల్పవుతుంది. ఫ్యాక్టరీ నుంచి అది లోపలి 8 మెగాహెర్ట్జ్‌ను ఎనిమిదితో భాగించుకుని, 1 మెగాహెర్ట్జ్‌తో నడిచేలా వస్తుంది. 8051 మీద 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెట్టి చూడండి, పన్ను ఎనిమిది శాతం సన్నగా వచ్చి, అవతలి కంప్యూటర్ చెత్త అక్షరాలు చూపిస్తుంది. 11.0592 క్రిస్టల్ పెట్టండి, 12తో, 32తో, 3తో భాగిస్తే సరిగ్గా 9600. పాత పుస్తకాల్లో ఆ వింత అంకె ఎందుకుందో దువ్వెన పళ్లు లెక్కపెడితే తెలిసిపోతుంది.